ముప్ఫై ఏడో కప్పు

బ్రష్షులు నానబెట్టిన కప్పులో ఏదో కదిలింది.

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. ల్యాబ్‌లో నేనొక్కదాన్నే. మనుషులకి ఆదివారం సెలవుంటుంది గానీ దోమలకి ఉండదు. గూళ్లలో పెంచే వాటికి పంచదార నీళ్లు మార్చడానికి వారం తప్పించి వారం నా వంతు. ఆ పని ముగించుకుని చేతులు కడుక్కుంటుంటే కొళాయి పక్కన, సబ్బు పెట్టె వెనకాల ఉన్న నల్ల ప్లాస్టిక్ కప్పు మీద చూపు పడింది. బ్రష్షులు తీసి పక్కన పెట్టాను. కప్పుని కిటికీ వెలుగులోకి వంచాను.

పురుగులు. పన్నెండు. ఎనిమిది తలకిందులుగా వేలాడుతున్నాయి. మిగతా నాలుగింటికి తల లావెక్కి తోక కిందికి మడత పడింది. రాతలో కామా గుర్తులా ఉంటాయని మేం వాటిని కామాలంటాం. రెక్కలు రావడానికి ముందు ఆఖరి దశ అది. ఇంకో రెండు రోజుల్లో పైన తోలు చొక్కాలా విప్పేసి ఎగిరిపోతాయి.

దోమ పిల్లలు నాకు కొత్త కాదు. పదకొండేళ్లుగా నాకు కూడు పెడుతున్నవి అవే. కానీ ఈ గదిలో అవి ఉండకూడదు. ఇక్కడికి రావాలంటే రెండు తలుపులు దాటాలి. ఒకటి మూసుకుంటేగానీ రెండోది తెరుచుకోదు. కిటికీలకి రెండు వరసల జాలీ. మేం సీసాలో పెట్టి తెచ్చిన దోమే తప్ప, తనంతట తాను ఎగిరొచ్చిన దోమ ఈ పదకొండేళ్లలో ఒక్కటి లేదు.

ఎగిరొచ్చి పెట్టిన గుడ్లు కావివి. కప్పుతోపాటే వచ్చాయి.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఈ కప్పు అరవై ఒకటోది. మిగతా అరవై అడవిలో ఉన్నాయి. ఎనిమిది రోజుల కిందట, శనివారం నా చేతులతోనే కట్టి వచ్చాను. దీంట్లో బ్రష్షులు నానేసింది కూడా ఆ రోజే.

మా పని చెప్పుకోడానికి చాలా చిన్నది. నల్ల కప్పులో నీళ్లు పోసి నీడలో వేలాడదీస్తాం. దోమ వచ్చి లోపలి గోడకి గుడ్లు పెడుతుంది. లెక్క రోజున కప్పులు తెచ్చి, ఏ దోమ ఎక్కడికి చేరిందో చూస్తాం. అందరూ నన్ను కప్పులక్క అనేది అందుకే. మొన్నటిదాకా ఈ కప్పులన్నీ ఊళ్లో ఉన్నాయి. బస్టాండు వెనక, మార్కెట్ సందుల్లో, పాత టైర్ల దుకాణం గోడకి. అక్కడ చారల దోమదే రాజ్యం. నల్లటి ఒళ్లు, కాళ్లకి తెల్ల పట్టీలు, వీపు మధ్యలో ముగ్గుపిండితో గీసినట్టు ఒక తెల్ల గీత. ఇక్కడి దోమ కాదది. సముద్రాలు దాటి పాత టైర్లలో, పూలకుండీల్లో గుడ్డుగా వచ్చింది. పదేళ్లలో ఊరంతా తనదే చేసుకుంది.

అడవిలోకి మాత్రం ఇంకా పోలేదు. పోతుందేమోనని కాపలా కాయడమే మా విభాగం పని. ఆ అడవి కోతుల్లో ఒక జ్వరం తిరుగుతూ ఉంటుంది. అక్కడి దోమలు కొమ్మల పైన పుట్టి, కోతుల్నే కుట్టి, అక్కడే చస్తాయి. కిందికి దిగవు. మనుషుల్ని కుట్టే ఇంటి దోమలు పైకెక్కవు. అందుకే ఆ జ్వరం పైనే ఉండిపోయింది. చారల దోమకి ఆ పట్టింపు లేదు. పొద్దున కోతి, సాయంత్రం మనిషి. పైవాళ్లకీ కిందివాళ్లకీ సంబంధం కలిపే పెద్దమ్మ లాంటిది. అడవి మధ్యలో గార్డుల క్వార్టర్లు నాలుగున్నాయి. మూడో క్వార్టరులో మా తమ్ముడు, మరదలు, వాళ్ల రెండేళ్ల బుజ్జిది.

కప్పులు ఊరి నుంచి వచ్చాక మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచాలి. అది నియమం. బాయిలర్ కాయిల్ కాలిపోయి చాలా నెలలైంది. కొత్త కప్పులు రాలేదు. అడవికి వెళ్లే తేదీ దగ్గరపడింది. నేనేం చేశాను? సబ్బు నీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో తళతళా తోమి, మూడు రోజులు డాబా మీద ఎండబెట్టాను. ఎండని మించిన మందేముంది అనుకున్నాను. ఈ దోమ గుడ్డు ఎండలో నెలల తరబడి అతుక్కుని ఉండి, నీళ్లు తగలగానే కళ్లు తెరుస్తుందని ఎన్ని గుమ్మాల ముందు నిలబడి చెప్పానో లెక్కలేదు. "ఆరబెడితే చాలదమ్మా, మూలమూలలా గీకాలి" అని. నా కప్పుల అంచు కింద కొక్కెం తగిలించే రింగు కోసం ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలోకి బ్రష్షు పోదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది.

ఫారంలో "వేడినీటి శుద్ధి" అన్న గడిలో టిక్కు పెట్టింది కూడా నేనే.

లెక్క వేసుకున్నాను. అడవి దోమ వచ్చి గుడ్డు పెట్టాలి, ఆ గుడ్డు పండాలి, చల్లటి నీడలో పిల్ల పెరగాలి. అందుకని పన్నెండో రోజున కప్పులు ఎత్తుతాం. అంటే గురువారం. కానీ ముందే పండిన గుడ్డుతో వెళ్లిన కప్పు పన్నెండు రోజులు ఆగదు. ఇక్కడ కామాలు కనిపిస్తున్నాయంటే అక్కడా మొదలైనట్టే. గురువారం నాటికి అన్నీ ఎగిరిపోతాయి.

ఊరుకుంటే ఏమవుతుంది? గురువారం కప్పుల్లో చారల దోమ దొరుకుతుంది. అడవిలోకి వచ్చేసిందని అందరూ అనుకుంటారు. ఎలా వచ్చిందని నన్నెవరూ అడగరు. నెలాఖరుకి నా కాంట్రాక్టు మళ్లీ రాయాలి. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. కొళాయి కట్టేసేంత సేపు ఉంది.

కప్పుకి గుడ్డ కట్టి, సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కాను.

మా విభాగాన్ని నడిపే మేడమ్ రెండో అంతస్తులో ఉంటారు. తలుపు తీసేసరికి నోట్లో బట్టల క్లిప్పు, భుజం మీద తడి దుప్పటి.

"ఏంటి కప్పులక్కా, ఆదివారం పూట? గూళ్ల జాలీ గానీ చిరిగిందా?"

నేను కప్పు చేతికిచ్చాను. ఆవిడ గుడ్డ తీసి బాల్కనీ వెలుగులో పట్టుకున్నారు. దుప్పటి జారి కింద పడింది. తీయలేదు.

"ఇది ఎక్కడుంది?"

"ల్యాబ్ లోపల. కొళాయి దగ్గర."

ఒక్క క్షణం. అంతే. ఆవిడకి మొత్తం అర్థమైపోయింది. "ఎన్ని?"

"పన్నెండు పిల్లలు, అందులో నాలుగు..."

"పిల్లలు కాదు. కప్పులు. ఈ గుట్టలోవి అడవికెన్ని వెళ్లాయి?"

"అరవై. మొత్తం."

నేను వింటానని సిద్ధపడి వచ్చిన ప్రశ్న వేరు. ఎవరు కడిగారు, ఎలా కడిగారు, బుద్ధుందా అని. అవేవీ రాలేదు. ఇప్పటికీ ఆ "ఎన్ని?" నా చెవిలో ఉంది. ఆ మాటకి నేను ఆవిడకి ఎంత రుణపడ్డానో ఆవిడకి తెలియదు. అడక్కుండానే నేను చెప్పేశాను.

"మేడమ్, వేడినీళ్లు పెట్టలేదు. బాయిలర్ లేదుగా. ఎండబెట్టాను. ఫారంలో మాత్రం టిక్కు పెట్టాను."

"ఆ ఫారం కింద సంతకం ఎవరిది?"

"మీది."

"బాయిలర్ పాడైందని నాకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"మరింకేం. పద. చెప్పులేసుకుంటున్నా."

డ్రైవర్‌కి ఫోన్ చేశారు. అతన్ని మేమంతా నిదానం అంటాం. స్టీరింగ్ పట్టుకున్నప్పుడల్లా "నిదానంగా పోదాం మేడమ్" అంటాడు, ఆ మాట పూర్తయ్యేలోపు మూడో గేరులో ఉంటాడు. ఇరవై నిమిషాల్లో జీపుతో వచ్చి నిలబడ్డాడు. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప గరుగ్గా.

"అదేంటయ్యా ఆ అవతారం?" అన్నారు మేడమ్.

"అర్జెంటు అన్నారుగా. ఇటువైపు అయ్యేసరికి ఫోన్ మోగింది. అటువైపు ప్రభుత్వానికి రాసిచ్చేశా."

దారిలో ల్యాబ్ దగ్గర ఆగి అరవై మూతలు, వల గరిటెలు, రెండు పెట్టెలు వేసుకున్నాం. ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య తీశారు.

"అత్తయ్యా, అడవికి వెళ్తున్నా. వచ్చేసరికి ఆలస్యమవుతుంది."

"ఇప్పుడు అడవికెందుకే?"

"దోమల కోసం."

"మనింట్లో లేవనా? బాత్రూం వెనక్కి పో, నీకెన్ని కావాలంటే అన్ని."

అంత భయంలోనూ నవ్వొచ్చింది. ఊరు దాటాక నిదానం అద్దంలోంచి చూసి, "ఏం జరిగిందక్కా?" అన్నాడు. చెప్పాను. దాచలేదు.

"ఓస్. నేనొకసారి ఈ డీజిల్ జీపులో పెట్రోల్ కొట్టించా. ఇంజన్ విప్పదీయాల్సి వచ్చింది. మేడమ్‌కి ఇప్పటిదాకా తెలీదు."

"ఇప్పుడు తెలిసింది" అన్నారు మేడమ్, కిటికీలోంచి తల తిప్పకుండానే.

అడవి గేటు చేరేసరికి పన్నెండున్నర. గేటు దాటాక ఫోన్లు పనిచేయవు. ఆదివారం గేటు డ్యూటీ మా తమ్ముడిది. నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయాడు.

"అక్కా, ఎవరికేమైంది?"

చెప్పాను. వాడు బైకు తాళం చెవి రెండుసార్లు చేతిలో తిప్పుకున్నాడు. "అదీ, బుజ్జిదీ టీకాల క్యాంపుకి వెళ్లారు. నాలుగింటి ట్రాక్టరుకి వస్తారు" అన్నాడు. వాడి లెక్క నాకర్థమైంది. నాలుగింటి దాకా వాళ్లు అక్కడ లేరు. ఆ తర్వాత ఉంటారు.

మేడమ్ నేల మీద పుల్లతో గీత గీశారు. గేటు దగ్గర ఒకటో కప్పు. రెండొందల మీటర్లకొకటి చొప్పున పన్నెండు కిలోమీటర్ల దారి. చివర, కోతులు ఎక్కువగా ఉండే లోయ దగ్గర అరవయ్యోది. క్వార్టర్లు ముప్ఫై ఏడు దగ్గర.

"నేనూ, ఇతనూ ఒకటి నుంచి వస్తాం. నువ్వూ, మీ తమ్ముడూ బైకు మీద చివరికి పోయి వెనక్కి రండి. క్వార్టర్ల దగ్గర కలుద్దాం. ముందు మూత, తర్వాతే కొక్కెం. మూత పెట్టకుండా కప్పు కదిపారో, చెవులు మెలేస్తా. ఇంకోటి. నీళ్ల మీద విడిచిన చొక్కా కనిపిస్తే గట్టిగా అరవకండి. రాసుకోండి, చాలు."

చొక్కా అంటే దోమ ఎగిరిపోతూ నీళ్ల మీద వదిలేసే తోలు. చొక్కా ఉండి దోమ లేదంటే, అది అడవిలో ఉన్నట్టు.

అరవయ్యో కప్పులో ఏమీ లేదు. యాభై తొమ్మిదిలో లేదు. యాభై ఎనిమిదిలో మూడు పిల్లలు. నేను నొక్కితే మూత సరిగ్గా పడలేదు. తమ్ముడు నా చేతి మీద చెయ్యి వేసి నొక్కాడు. టక్కున పడింది. లోయలో చల్లగా ఉంది, ఆకుల మధ్య నుంచి ఎండ చిల్లర పైసల్లా రాలుతోంది, పైన కోతులు కొమ్మలు మారుతున్నాయి. ఒక పిల్ల కోతి తల్లి పొట్టని కరుచుకుని మమ్మల్నే చూసింది. దానికి మా గొడవేం తెలుసు.

యాభై రెండులో ఏడు, అందులో రెండు కామాలు. చొక్కా లేదు. నలభై తొమ్మిది, ఖాళీ. నలభై నాలుగులో కామాలు అయిదు. నీటి మీద ఏదో తేలుతోంది. వంగి చూశాను. తమ్ముడు గడ్డిపుల్లతో పక్కకి జరిపాడు. ఎండుటాకు ముక్క.

"అక్కా, ఊపిరి తీసుకో" అన్నాడు. "నువ్వు పడిపోతే నిన్ను మోయాలా, కప్పులు మోయాలా?"

మూడున్నరకి ముప్ఫై ఎనిమిదో కప్పు పెట్టెలో పడింది. ఇరవై మూడు కప్పులు, ఎనిమిదింట్లో పిల్లలు. చొక్కా ఎక్కడా లేదు. క్వార్టర్ల వెనక బట్టలుతికే బండ పక్కన జామచెట్టు. దాని కొమ్మకి ముప్ఫై ఏడు ఉండాలి.

కొక్కెం ఉంది. కప్పు లేదు.

అటు నుంచి మేడమ్, నిదానం వస్తున్నారు, బట్టలు చెమటకి తడిసి. "ముప్ఫై ఆరూ వచ్చేశాయి. ఒక్క చొక్కా లేదు. మీవి?"

"ఇరవై మూడు. లేదు. కానీ మేడమ్..."

కొక్కెం వైపు చూపించాను. ఆవిడ ముందు కొక్కెం చూశారు, తర్వాత ఆకాశం చూశారు. దారి మొత్తంలో మధ్యాహ్నమంతా సూటిగా ఎండ పడే చోటు ఇదొక్కటే. వెచ్చటి నీళ్లలో పిల్ల తొందరగా పెరుగుతుంది. అరవైలో ఏదైనా ముందు ఎగిరితే అది ఇదే ఎగరాలి.

"కోతుల పనే" అన్నాడు తమ్ముడు. "మొన్న నా బనియను కూడా పట్టుకుపోయాయి. కప్పుని ఏ కొమ్మ సందులోనో దూర్చేసి ఉంటాయి."

"నీళ్లు ఒలికిపోతే మంచిదేగా?" అన్నాడు నిదానం.

"గుడ్లు మిగిలే ఉంటాయి. వాన పడితే మళ్లీ మొదటికి" అన్నాను.

క్వార్టర్లలోంచి జనం బయటికి వచ్చారు. ఇద్దరు గార్డులు, వాళ్ల ఆడవాళ్లు. ఏం పోయిందని అడిగారు. మేడమ్ నోరు తెరిచేలోపు నేనే చెప్పాను. నేను సరిగ్గా కడగని కప్పులు మీ ఇళ్ల చుట్టూ కట్టాను, వాటిలో ఊరి దోమ ఉంది, అది ఎగిరితే కోతుల జ్వరం మీ దాకా వస్తుంది, తప్పు నాది అని. మొదటి క్వార్టరులో ఉండే పెద్దావిడ కొంగు నడుముకి బిగించింది.

"తిట్లు తర్వాత తిడతాంలే. ఎలా ఉంటుందా కప్పు?"

నల్లగా, ఇంతుంటుందని చూపించాను. అరగంట సేపు వెతికాం. నిదానం రేకుల పైకెక్కాడు. తమ్ముడు చెట్టెక్కాడు. మేడమ్ తుప్పల్లో మోకాళ్ల మీద పాకారు. పెద్దావిడ నీళ్ల గాబు వెనకాల, కట్టెల మోపు కింద, కోళ్ల గంప లోపల వెతికింది. దొరకలేదు. నేను ఆ ఖాళీ కొక్కెం కింద నిలబడి, ఎక్కడైనా తెల్ల గీత ఎగురుతుందేమోనని గాలిని చూస్తూ ఉన్నాను. నా చెయ్యి చాచి పెట్టుకున్నాను కూడా. కుట్టేదేదో ముందు నన్నే కుడుతుందని.

ట్రాక్టరు చప్పుడైంది. మా మరదలు దిగింది. భుజం మీద నిద్రపోతున్న బుజ్జిది, దాని చేతికి టీకా వేసినచోట దూది.

ఒక మాట చెప్పాలి. తమ్ముడు ఈ పిల్లని చేసుకుంటానన్నప్పుడు నేను ముక్కు విరిచాను. ఏడో తరగతి దాటలేదు, నలుగురిలో నోరు విప్పదు, వీడి ఉద్యోగానికి సరిపోదన్నాను. ఆ తర్వాత కూడా దానితో నేను మాట్లాడింది తక్కువ. చెప్పింది ఎక్కువ. పోయిన శనివారం కప్పు కట్టినప్పుడూ అంతే. "ఇది ఆఫీసు వస్తువు. ముట్టుకోవద్దు, పారబోయొద్దు" అని వేలు చూపించి మరీ చెప్పాను, చంటిపిల్లకి చెప్పినట్టు.

అది చెట్టు మీదున్న మొగుణ్ణీ, రేకుల మీదున్న నిదానాన్నీ, తుప్పల్లో ఉన్న మేడమ్‌నీ చూసింది.

"ఏంటి వదినా, అందరూ ఇలా కోతులైపోయారు?"

"కప్పు పోయింది. ఇక్కడ కట్టింది. కోతులు..."

"అదా? లోపలుంది."

చెట్టు మీద నుంచి తమ్ముడు, "లోపలుందా?" అన్నాడు, ఏడుపూ నవ్వూ కాని గొంతుతో.

వంటగదిలో కిటికీ పక్కన మూడో అరలో, ఉప్పు డబ్బాకీ అగ్గిపెట్టెల కట్టకీ మధ్య, తమ్ముడు ఎప్పుడూ చెయ్యి పెట్టని చోట ఉంది ముప్ఫై ఏడో కప్పు. దాని మూతికి పాత వాయిల్ చీర ముక్క రెండు మడతలు వేసి, దారంతో ఏడెనిమిది చుట్లు బిగించి కట్టి ఉంది. మేడమ్ రెండు చేతులతో అందుకుని కిటికీకి ఎత్తి పట్టారు. గుడ్డ లోపలి వైపు అంటుకుని, నల్లగా, సన్నగా, కాళ్లకి తెల్ల పట్టీలు.

"ఎప్పుడు కట్టావమ్మా?"

"శుక్రవారమండీ. బుధవారం పురుగులు కనిపించాయి. శుక్రవారానికి తోకలు మడిచాయి. పారబోద్దామా అంటే వదిన వద్దంది. పారబోస్తే తన ఉద్యోగానికేమన్నా అవుతుందేమో. ఉంచుదామా అంటే ఇది రోజంతా ఆ బండ దగ్గరే ఆడుతుంది." బుజ్జిదాన్ని ఇంకో భుజానికి మార్చుకుంది. "ముట్టుకోవద్దన్నావు. ఆ మాట తప్పాను వదినా, వేరే దారి లేక. గుడ్డ కట్టొద్దని మాత్రం చెప్పలేదు."

"తోకలు మడిస్తే ఎగురుతాయని నీకెవరు చెప్పారు?" అన్నాను.

"నువ్వే. పెళ్లైన కొత్తలో మా నీళ్ల తొట్టి చూసి గంట సేపు తిట్టావు. ఒక్క ముక్క మర్చిపోలేదు నేను."

మేడమ్ నవ్వలేదు. ఆవిడ లెక్కపెడుతున్నారు. పైన గుడ్డకి అంటుకున్న దోమలు. కింద నీళ్ల మీద తేలుతున్న చొక్కాలు. జేబులోంచి భూతద్దం తీశారు. ఒకసారి లెక్కపెట్టి, కప్పు తిప్పి, మళ్లీ లెక్కపెట్టారు.

"చొక్కాలు తొమ్మిది" అన్నారు. "దోమలు తొమ్మిది."

నిదానం గుమ్మంలోనే కూలబడ్డాడు. తమ్ముడు గోడకి తల ఆనించాడు. మా ఇళ్లలో సొంతవాళ్లకి థాంక్స్ చెప్పుకునే అలవాటు లేదు. చెబితే పరాయిదాన్ని చేసినట్టుంటుంది. మరదలి భుజం మీద నుంచి బుజ్జిదాన్ని తీసుకున్నాను. అది నిద్రలోనే నా మెడ పట్టుకుంది. "నువ్వు కూర్చో" అన్నాను. "పొద్దుననగా పోయావు. మంచినీళ్లు తెస్తా." పెళ్లైన మూడేళ్లలో నేను ఆ పిల్లకి నీళ్లు తెచ్చివ్వడం అదే మొదటిసారి. అది గ్లాసు అందుకుని, నా మొహం చూసి, తాగింది.

వెలుతురుండగానే బయట మూడు రాళ్లు పెట్టి, పెద్ద కాగులో నీళ్లు మరిగించాం. యాభై తొమ్మిది కప్పులూ మూతలతో సహా అందులోకి దించాం. పెద్దావిడ కట్టెలు ఎగదోస్తూ, "ఇదేదో ముందే చేసుంటే నాకు గంట పని తప్పేదిగా" అంది. ఆవిడ తిడతానన్న తిట్లలో నా దాకా వచ్చింది ఆ ఒక్కటే.

ఆ తర్వాతిది ఆఫీసు సంగతి. మేడమ్ పైవాళ్లకి రాసిన ఉత్తరంలో మొదటి వాక్యం, "తప్పు మా విభాగానిది, సంతకం నాది." నా పేరు రెండో పేజీలో వచ్చింది, "గమనించి వెంటనే తెలియజేసినవారు" అని. నాకు హెచ్చరిక కాగితం ఒకటి అందింది. కాంట్రాక్టు ఏడాదికి బదులు మూడు నెలలే రాశారు. న్యాయమే. ఎన్ని నెలలుగానో రాని బాయిలర్ పదకొండు రోజుల్లో వచ్చింది. ఊళ్లో వాడిన కప్పు ఇక అడవికి వెళ్లకూడదని గోడ మీద రాయించాం. ఆ వానాకాలమంతా వారం వారం కొత్త కప్పులతో దారి పొడవునా వెతికాం. అడవి దోమలు వచ్చాయి. చారల దోమ ఒక్కటి కూడా రాలేదు.

ఆ తొమ్మిదింటినీ మేడమ్ పారేయనివ్వలేదు. ల్యాబ్‌లో అద్దాల పెట్టె ఉంటుంది. ఒక్కో దోమనీ సన్నటి సూదికి గుచ్చి, కింద గోరంత చీటీ పెడతాం. చోటు, తేదీ, మూడో వరసలో సేకరించినవారి పేరు. ఆ వరసలో పడ్డవన్నీ పెద్ద చదువుల పేర్లే. నా పేరైనా పదకొండేళ్లలో రెండుసార్లే పడింది. చీటీలు రాసేది నేను. తొమ్మిది చీటీల మీద మా మరదలి పేరు, ఇంటిపేరుతో సహా, భూతద్దం కింద పెట్టుకుని రాశాను. మేడమ్ చదివి, పెట్టె మూసి, తాళం నా చేతికే ఇచ్చారు.

తర్వాత అడవికి వెళ్లినప్పుడు ఫోటో తీసుకెళ్లాను. అది చేతులు కొంగుకి తుడుచుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"దోమ కింద నా పేరా వదినా? పెళ్లి కార్డు తర్వాత నా పేరు రాతలో పడింది ఇక్కడే. సంతోషపడాలా, ఏడవాలా?"

"అది వందేళ్లుంటుందే. నీ మనవలు కూడా వచ్చి చూడొచ్చు."

"తొమ్మిదింటికీ నాదేనా?"

"తొమ్మిదింటికీ."

అది ఫోన్ నాకిచ్చేసింది. బండ దగ్గర బుజ్జిది చిన్న చెంబుతో నీళ్లు పోసుకుని ఆడుతోంది. మరదలు వెళ్లి చెంబులో మిగిలిన నీళ్లు ఎండ పడే రాయి మీద ఒంపేసి, చెంబు బోర్లించి వచ్చింది.

"బాగుంది" అంది. "కానీ పదో చీటీ రాయాల్సిన పని పెట్టకు వదినా."

కొత్త కప్పుల పెట్టె తెరిచి దానికి ఒకటి అందించాను. "ఇది నువ్వే కట్టు" అన్నాను. "ఎక్కడ కట్టాలో నువ్వే చూడు."

అది జామచెట్టు వైపు చూసి, తల అడ్డంగా ఊపి, ఎండ పడని చోటు వెతుక్కుంటూ క్వార్టరు పక్కకి నడిచింది. నేను కొక్కెం పట్టుకుని వెనకాలే వెళ్లాను.